శరతల్పము చెంత

మహాభారతమున భీష్మపర్వము ముగియు చోట ఒక దృశ్యము కలదు. యుద్ధము ఆరంభమైన పదియవ దినమున పితామహుడు రథమునుండి ఒరిగెను. ఒడలెల్ల నాటుకొనిన బాణములే ఆయనకు పానుపైనవి. మేను నేలను తాకలేదు. కాని శిరస్సునకు ఆధారము లేదు, అది క్రిందికి వ్రేలాడుచున్నది. తలగడ కావలెనని ఆయన అడుగగా చుట్టునున్న రాజులు పరుగులెత్తి మెత్తని పట్టుదిండ్లను కొనివచ్చిరి. వృద్ధుడు చిఱునవ్వు నవ్వి, వీరశయ్యకు ఇవి తగినవి కావని చెప్పి అర్జునునివంక చూచెను. అర్జునుడు కన్నుల నీరు నించుకొని, ఏమి చేయవలయునో సెలవిమ్మని అడిగెను. అనుజ్ఞ వడసిన పిదప మూడు బాణములతో ఆ శిరస్సును ఎత్తి నిలిపెను. పితామహుడు సంతోషించెను.

పురాణకాలక్షేపములలో ఈ ఘట్టము తఱచుగా అర్జునుని విలువిద్యకు నిదర్శనముగా చెప్పబడుచుండును. అది నిజమే. కాని ఆసుపత్రిలో ఒక మంచము ప్రక్కన ఒక్క రాత్రియైనను మేలుకొనియున్నవారికి ఈ కథలో మఱొకటి కనబడును. దిండ్లు తెచ్చిన రాజులు చెడ్డవారు కారు. వారికి ప్రేమ లేకపోలేదు. తమకు ఏది సుఖమని తోచెనో అది తెచ్చిరి. అర్జునుడు మాత్రము అడిగెను, అడిగిన పిదప చేసెను.

నేటి ఆసుపత్రులలోను అట్టి రాజులకు కొదువ లేదు. మ్రింగుటకైనను శక్తి యుడిగిన రోగి మంచము క్రింద బత్తాయిపండ్ల సంచులు, హార్లిక్సు సీసాలు పేరుకొనియుండుట ఎల్లరు ఎఱిగినదే. తెచ్చినవారు ప్రేమతోనే తెచ్చిరి. ఉత్తచేతులతో పోరాదను మర్యాదయు మనకు కలదు. కాని అదే సమయమున ఆ మంచపుకోటికి తల ఆనించి, కటికనేలమీద మూడు రాత్రులుగా కూర్చున్న ఆ రోగి భార్యకు పఱచుకొనుటకు చాప లేదు. ఎవరును అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. మన స్త్రీలు చెప్పరు.

2013లో కెనడా దేశపు హామిల్టన్ నగరమున ఒక ఆసుపత్రి వైద్యులు, తీవ్రచికిత్సా విభాగములో మరణమునకు చేరువయైన రోగులను, వారి కుటుంబములను మీకేమి కావలెనని అడుగుట ఒక నియమముగా పెట్టుకొనిరి. 'మూడు కోరికలు' అని ఆ ప్రయత్నమునకు పేరు. కోరబడినవి మణులు కావు, మాన్యములు కావు. ఇష్టమైన సంగీతము, ఇంటి వస్తువులతో గదిని కొంత ఇల్లువలె చేయుట, ప్రార్థన, ఒక జ్ఞాపిక, ఇట్టివి. వీనిలో పెక్కింటికి వ్యయము లేనేలేదు, ఉన్నవానికి స్వల్పము. యంత్రముల నడుమ పడియున్నవాడు ఒక మంచపు సంఖ్య కాడనియు, ఒకరి తండ్రి అనియు, ఒకరి భర్త అనియు వైద్యులకే మరల స్ఫురించుట ఆ పనివలన కలిగిన లాభములలో ఒకటి.

భారతకథలో మఱికొంత దూరము పోయిన పిదప దుర్యోధనుడు వైద్యులను వెంటబెట్టుకొని వచ్చును. వారు శల్యములను పెఱికివేయుటలో ఆరితేరినవారు, ఉపకరణములన్నియు తెచ్చుకొనిరి. భీష్ముడు వారిని తూలనాడలేదు. ధనమిచ్చి సత్కరించి పంపివేయుమని, తనకు ఇక వైద్యులతో పని లేదని దుర్యోధనునకు చెప్పెను. వైద్యమునకు ఒక హద్దు కలదు. ఆ హద్దును గుర్తించుట వైద్యుని అవమానించుట కాదని ఈ ఘట్టము చెప్పకయే చెప్పుచున్నది. అయితే వైద్యులు వెడలిన తోడనే తక్కినవారు లేచి ఇండ్లకు పోలేదు. ఆయన శయనించిన చోటు చుట్టును కందకము త్రవ్విరి, కాపరులను నిలిపిరి. మఱునాడు ప్రజలు, స్త్రీలు, పిల్లలతో సహా, చూడవచ్చిరి. వైద్యము ముగిసిన చోట సేవ ఆరంభమయ్యెను.

నేడు ఈ రెండింటి నడుమ పెద్ద అగాధము ఏర్పడినది. "ఇక మా చేతిలో ఏమియు లేదు, ఇంటికి తీసికొనిపొండు" అను మాట విని, ఆసుపత్రి మెట్లపై చతికిలబడిన కుటుంబములు మన దేశమున ఎన్నియో. ఆ మాటలో సగమే నిజము. రోగమును పోగొట్టుట వారి చేతిలో లేకపోవచ్చును; నొప్పిని తగ్గించుట, ఆయాసమును శమింపజేయుట, ఒడలు పుండ్లు పడకుండ చూచుట, ఇంటివారికి ఏమి జరుగబోవునో మెల్లగా చెప్పుట, ఇవన్నియు ఇంకను చేతిలోనే ఉన్నవి. గౌరవముతో మరణించు హక్కు జీవించు హక్కులో భాగమేయని భారత సర్వోన్నత న్యాయస్థానము 2018 మార్చి 9వ తేదీన తీర్పు చెప్పినది. ముందుగానే తన కోరికను వ్రాసియుంచుకొను పద్ధతిని 2023లో కొంత సులభము చేసినది. చట్టము చేయగలది అంతవఱకే. తలగడ తెచ్చుట చట్టమువలన కాదు.

ఆ సగము అసత్యమును తొలగించుటకు ఒక జీవితమంతయు వెచ్చించిన స్త్రీ సిసిలీ సాండర్సు (1918–2005). ఆమె మొదట నర్సు, పిదప ఆసుపత్రిలో రోగుల కుటుంబములకు తోడ్పడు సంఘసేవకురాలు, ఆ మీదట వైద్యురాలు. 1948లో లండనులో డేవిడ్ తాస్మా అను యూదుడు, పోలండు దేశమునుండి వచ్చినవాడు, క్యాన్సరుతో మరణించుచుండగా ఆమె తఱచు అతనికడకు పోయి కూర్చుండెడిది. అతనికి ఆ నగరమున తనవారు లేరు. మరణకాలమున చచ్చువారు నెమ్మదిగా ఉండదగిన ఇల్లు ఒకటి కట్టవలెనను మాట వారిరువుర నడుమ సాగినది. అతడు ఐదువందల పౌనులు ఆమెకు విడిచి, ఆ ఇంటిలో తాను ఒక కిటికీగా ఉందునని చెప్పి పోయెను. ఆ కిటికీ చుట్టును గోడలు లేచుటకు పందొమ్మిది ఏండ్లు పట్టినది: సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆ ఆశ్రమము 1967లో తెఱవబడినది. నొప్పి ఒడలికి మాత్రమే కాదనియు, మనస్సునకు, కుటుంబమునకు, ఆత్మకు కూడ ఉండుననియు, ఇవన్నియు ఒకే వేదనగా పెనవైచుకొని యుండుననియు ఆమె వైద్యలోకమునకు బోధించినది. అందుచేతనే అచ్చట రోగి ఒక్కడే కాదు, అతని కుటుంబమంతయు సేవింపదగినదిగా ఎంచబడెను.

మన దేశమున ఈ మార్గమున మొదటి ఆశ్రమము 1986లో ముంబయిలో 'శాంతి ఆవేదన' అను పేరుతో వెలసినది. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాల ఆసుపత్రిలో కొందఱు వైద్యులు, మిత్రులు కలిసి ఉపశమన చికిత్సా సంఘమును స్థాపించిరి. కేరళమున పిమ్మట జరిగినది ఆశ్చర్యకరము. ఉపాధ్యాయులు, దుకాణదారులు, కూలివారు, విద్యార్థులు కొద్దిపాటి శిక్షణ పొంది, తమ వీథిలోని రోగి ఇంటికి తామే పోసాగిరి. పోయి చూడగా, నొప్పికి మందు ఇచ్చినను ఆ ఇంట పొయ్యి వెలుగుట లేదు. సంపాదించువాడు మంచమున పడెను, చూచుకొనునది పని మానుకొనెను, పిల్లవాడు బడి మానెను. కాబట్టి మందుతోపాటు బియ్యపు సంచి, పిల్లల పుస్తకములు కూడ చికిత్సలో చేరినవి. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దీనిని ఒక విధానముగా ప్రకటించినది. తెలుగునాట హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగము కలదు. అదే నగరమున 2011నుండి 'స్పర్శ్' అను ఆశ్రమము ఉచితముగా ఈ సేవ చేయుచున్నది. మన జనసంఖ్యకు ఇవి చాలవని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇచ్చట కొందఱు వేదాంతాభిమానులకు ఒక సందేహము కలుగును. దేహము అనిత్యము, ఆత్మ నిత్యము. మరణశయ్యకడ చెప్పవలసినది ఇది కాక, చాపలు, ఫ్లాస్కులు అని ఈ ప్రసంగమేమి? సందేహము ఉచితమే. కాని తైత్తిరీయోపనిషత్తులో భృగువు తపస్సు చేసి మొట్టమొదట తెలిసికొనినది అన్నము బ్రహ్మమని. అతడు అచ్చట ఆగలేదు, పైకి పోయెను. అయినను ఆ మెట్టును దాటి ఎగిరిపోలేదు. రెండు దినములుగా భోజనము లేక, స్నానము లేక, కన్ను మూయక యున్నదానికి ఆత్మ అమరత్వమును బోధించువాడు శాస్త్రమును చదివినవాడే కావచ్చును, దానిని ఎచ్చట వినియోగింపవలయునో ఎఱుగడు.

1900వ సంవత్సరమున కాశీనగరమున కొందఱు యువకులకు ఈ వివేకము కలిగినది. ముక్తిని గోరి కాశికి వచ్చి, దిక్కులేక వీథిలో పడియున్న ఒక వృద్ధురాలిని వారిలో ఒకడు చూచెను. అతనికడ ధనము లేదు. దారినపోవువానిని ఒక పావలా యాచించి, వేడిపాలు కొని ఆమెకు త్రాగించెను. ఆ పావలానుండి పుట్టినదే నేటి కాశీ శ్రీరామకృష్ణ సేవాశ్రమము. యువకులు తమ సంఘమునకు దీనజన రక్షణసమితి అను అర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. 1902లో వివేకానందస్వామి కాశికి వచ్చినపుడు ఆ పేరు ఆయనకు నచ్చలేదు. రక్షించుటకు మీరెవరు, సేవించుటకు మాత్రమే మీకు అధికారము కలదని ఆయన భావము. పేరు మాఱినది. ఆసుపత్రి వసారాలో ఒక దుప్పటి ఇచ్చు చేయి ఏ రీతిగా ఉండవలయునో ఆ ఒక్క పేరు మార్పులో తెలియుచున్నది. దయతో ఇచ్చిన దుప్పటిని పుచ్చుకొనుటకు అభిమానవంతురాలగు ఇల్లాలు సిగ్గుపడును; పూజాద్రవ్యమువలె ఆమె ముందు ఉంచినచో పుచ్చుకొనును.

ఏమి ఉంచవలయును? ఏ వార్డునందైనను ఒక రాత్రి గడపినచో దానంతట అదే తెలియును. రోగికి ఒక్కరే తోడుండవలెనని నియమము; ఆ ఒక్కరికి మంచము లేదు. కాబట్టి మొదట చాప, దుప్పటి. పల్లెనుండి తెల్లవాఱుజామున అంబులెన్సులో ఎక్కి వచ్చినవారు కట్టుబట్టలతో వచ్చిరి. తువ్వాలు, సబ్బు, దువ్వెన, పండ్లు తోముకొనుటకు సాధనము వారికడ ఉండవు. ముఖము కడుగుకొని తల దువ్వుకొనిన మనిషి వైద్యుని ముందు నిలిచి రెండు మాటలు అడుగగలదు. అట్లు లేనిది మూలకు ఒదిగిపోవును. వేడినీరు నిలుచు ఫ్లాస్కు, ఒక గ్లాసు, బిస్కట్లు. ఒక కలము, చిన్న పుస్తకము, ఎందుకనగా వైద్యుడు చెప్పిన మాట భయములో చెవిని పడి మఱునిమిషమున మఱచిపోబడును. సెల్‌ఫోను ఛార్జరు అనగా పెద్దలకు నవ్వు రావచ్చును. కరీంనగరు, నిజామాబాదు పల్లెలనుండి గల్ఫు దేశములకు పోయిన కొడుకులు, అమెరికాలో ఉన్న కుమార్తెలు, తండ్రి చివఱి ఊపిరిని ఆ చిన్న యంత్రములోనే వినుచున్నారు. అర్ధరాత్రి అది ఆఱిపోయినచో ఆ నష్టమును ఎవరును తీర్చలేరు.

ఈ వస్తువులన్నియు ఒక గుడ్డసంచిలో పట్టును. ఒక భజనసమాజము, ఒక కళాశాల విద్యార్థిసంఘము, ఒక వీథిలోని పది కుటుంబములు నెలకు కొన్ని సంచులు సిద్ధముచేసి, వార్డులోని హెడ్డునర్సు చేతికి ఇచ్చియుంచవచ్చును. ఎవరికి ఎప్పుడు ఇయ్యవలయునో ఆమెకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. సంచిపై దాతల పేర్లు అచ్చువేయింపకుండుట మేలు. ఫొటోలు తీయుట మాట చెప్పనే వలదు.

శరతల్పముకడ పితామహుడు రెండవమారు అడిగినది నీరు. ఈసారియు రాజులు భక్ష్యములను, చల్లని నీటికుండలను తెచ్చిరి, ఈసారియు ఆయన వానిని పుచ్చుకొనలేదు. అర్జునుడు పర్జన్యాస్త్రముతో భూమిని భేదింపగా నీటిధార పైకి చిమ్మినది. మరణించువాని దప్పి సామాన్యపు దప్పి కాదు. దానిని తీర్చు విధానము వేఱు. మన ఇండ్లలో తులసితీర్థము, గంగాజలము నోట పోయు ఆచారము ఉన్నది. అది పోయలేకపోతిమని, ఆసుపత్రివారు అడ్డుపడిరని జీవితాంతము కుమిలెడి కొడుకులు కలరు. అడ్డుపడుటకు కారణము కలదు: మ్రింగుశక్తి నశించినవాని నోట నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోయి ఉక్కిరిబిక్కిరి చేయును. అయితే ఉపశమన వైద్యమెఱిగిన నర్సు దీనికి మార్గము చూపును. శుభ్రమైన దూదిని తీర్థములో తడిపి, పిండి, పెదవులకును నాలుకకును అద్దవచ్చును. ఎండిపోయిన నోటిని గంటకొకమారు ఇట్లు తడుపుట చికిత్సయే. ఆచారము, వైద్యము ఒక దూదిపింజలో కలిసినవి. కాని ఆ దూదిని పట్టుకొనవలసినది నర్సు కాదు, భార్యయో కొడుకో. చేతులకు చేయదగిన పని లేకపోవుటయే ఆ వేళ అన్నిటికంటె దుర్భరము; ఆ చేతికి ఒక పని ఇచ్చుట గొప్ప ఉపకారము.

చెవిలో నారాయణనామము చెప్పు ఆచారమును గూర్చియు ఇట్లే. తెలివి తప్పినవానికి ఏమి వినబడునని నవ్వువారు కలరు. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మరణమునకు కొన్ని గంటల ముందు స్పృహ లేక పడియున్న కొందఱి మెదడు విద్యుత్తరంగములను పరిశీలించి, వారిలో కొందఱి మెదడు ధ్వనులకు ఆరోగ్యవంతుల మెదడువలెనే ప్రతిస్పందించుట చూచిరి. విన్నది వారికి అర్థమయ్యెనా అనునది ఆ పరీక్షవలన తేలలేదు. అంతకు మించి చెప్పుట తప్పు. అయినను మంచముకడ ఆస్తి తగవులు మాటలాడరాదనుటకు, నామస్మరణ చేయుమనుటకు, నేనున్నానని ఒక మాట చెప్పుమనుటకు ఇంతమాత్రము చాలును.

ఆ రాత్రి అందఱును వెడలిన పిదప కర్ణుడు ఒంటరిగా వచ్చెను. ఇరువురకును చిరకాలముగా పడదు. పితామహుడు సేనాపతిగా ఉన్నంతకాలము కర్ణుడు యుద్ధమునకు రాలేదు. కన్నీటితో వచ్చి పాదములకడ నిలిచినవానిని చూచి, భీష్ముడు చేసిన మొదటి పని కాపరులను దూరముగా పంపుట. పిదప, తండ్రి కొడుకును కౌగిలించినట్లు, ఒక చేతితో అతనిని కౌగిలించెను. మనసులో ద్వేషము లేదని చెప్పెను. కర్ణుడు క్షమింపుమని వేడెను. వ్యాసమహర్షి ఈ సంగమమునకు ఎంత ఏకాంతమును కల్పించెనో గమనింపవలెను. వేల సైన్యములు విడిసియున్న ఆ మైదానమున వారికి ఏకాంతము దొరకినది. నలువది మంచముల వార్డులో నేటి కర్ణునకు దొరకుట లేదు. పదియేండ్లుగా మాటలు లేని తమ్ముడు వచ్చి నిలుచును, ప్రక్కమంచమువారు చూచుచుందురు, అతడు 'ఎట్లున్నది' అని అడిగి వెడలిపోవును. మంచము చుట్టును లాగుటకు ఒక తెర, లోపల ఒక ఎత్తుపీట, పది నిమిషములు ఎవరును రాకుండ చూచు ఒక మనిషి. ఆసుపత్రికి దానమీయగోరువారు గోడ గడియారములను, పేరు చెక్కిన రాతిబెంచీలను ఇచ్చుటకు బదులు ఇట్టి తెరలను ఇచ్చినచో ఎంత బాగుండును!

సేవ చేయువారి అవస్థ మహాత్ముల ఇండ్లలోను వేఱుగ లేదు. 1885లో శ్రీరామకృష్ణ పరమహంస కంఠమున క్యాన్సరుతో బాధపడుచు కలకత్తాలో శ్యామపుకూరు వీథి ఇంటికి చికిత్సకై వచ్చినపుడు, శారదాదేవి ఆయనకు పథ్యము వండుటకై అచ్చటికి వచ్చినది. ఇల్లంతయు పురుషులతో నిండియుండెను. ఆమెకు ప్రత్యేకముగ ఒక గది లేదు. తెల్లవాఱుజామున మూడుగంటలకు ముందే లేచి స్నానము ముగించుకొని, మేడమెట్ల పైభాగమున ఉన్న ఇఱుకు చోటుకు పోయి, పగలంతయు అచ్చటనే వంట చేయుచు గడపి, అందఱు పడుకొనిన పిదప దిగివచ్చెడిది. ఆ ఇంటికి వచ్చిపోవు పెద్దలలో పలువురకు ఆమె అచ్చట ఉన్న సంగతియే తెలియదు. డిసెంబరులో కాశీపురపు తోట ఇంటికి మాఱిన తరువాత గృహస్థభక్తులు వ్యయము భరించిరి, సురేంద్రనాథ మిత్రుడు అద్దె కట్టెను, యువశిష్యులు రేయింబవళ్లు వంతులు వేసికొని సేవచేసిరి. ఆమె ఒకనాడు పాలగిన్నెతో మెట్లెక్కుచు జాఱిపడి కాలిమడమకు దెబ్బ తగిలించుకొనెను; కొన్ని దినములు పైకి పోజాలకపోయెను. రోగి చరిత్రను వ్రాసినవారు వేనవేలు. కాలు బెణికిన ఆ సేవకురాలి సంగతి ఒక పంక్తిలో ముగియును. నేటి వార్డులలోను కేసుషీటు రోగికే యుండును.

భారతమునకు మరల వచ్చినచో, యుద్ధము ముగిసిన పిదప శ్రీకృష్ణుడు పాండవులతో శరతల్పముకడకు వచ్చును. ధర్మోపదేశము చేయుమని అడుగగా, ఒడలు మండుచున్నది, మాట రాకున్నది, బుద్ధి నిలుచుట లేదని పితామహుడు చెప్పును. కృష్ణుడు ఇపుడు ఓర్పును బోధింపలేదు. మంట, మూర్ఛ, నొప్పి, ఆకలిదప్పులు ఇక బాధింపకుండునట్లు వరమిచ్చెను. ధర్మప్రసంగము ఆ పిమ్మటనే. బాధ పూర్వకర్మఫలము, భరింపవలసినదే అని మరణశయ్యకడ చెప్పువారు గీతాచార్యుడే ఏమి చేసెనో చూడవలెను. మనకు వరములిచ్చు శక్తి లేదు, మార్ఫీను కలదు. ఆ మందు గంజాయి నల్లమందుల కట్టడికై చేయబడిన 1985 నాటి చట్టపు చిక్కులలో పడి ఏండ్ల తరబడి క్యాన్సరు రోగులకు అందలేదు. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి చిక్కులను కొంత విప్పినది. సరియైన మోతాదులో వైద్యుడిచ్చిన మార్ఫీను వ్యసనమునకు దారితీయునను భయముతో, ఇంటివారే దానిని వలదనుట ఇప్పటికిని కలదు. ఆ భయమును పోగొట్టు ఒక మాట కూడ గుడ్డసంచిలో ఉంచదగినదే.

ఆ దినమున ధర్మరాజు ముందుకు రాలేదు. తాతను తామే పడగొట్టితిమను సిగ్గు, శపించునేమో అను భయము అతనిని వెనుక నిలిపినవి. కృష్ణుడు ఆ సంగతిని పితామహునకు తెలిపెను. పితామహుడు, నీవు చేసినది క్షత్రియధర్మమేయని చెప్పి, భయపడక దగ్గఱకు వచ్చి కూర్చుండుమని అతనిని పిలిచెను. ప్రతి వార్డు వాకిటను ఒక ధర్మరాజు నిలిచియుండును. "ఇంకొక నెల ముందు తెచ్చియుంటినేని" అని ఒకడు. "ఆ పొలము అమ్మియుంటినేని" అని ఒకడు. "నాయన అడిగిన మజ్జిగ నిన్న ఇయ్యనైతిని" అని మఱొకడు. వీరు లోనికి పోవుటకు జంకి బయట టీ దుకాణముకడనే తిరుగుచుందురు. చూచువారు కఠినుడందురు. ఇట్టివాని భుజముమీద చేయి వేసి లోపలికి తోడ్కొనిపోవుటకు కృష్ణునివంటివాడు ఒకడు కావలయును; ఉపన్యాసము అక్కఱలేదు, తోడుగా నాలుగడుగులు వేసిన చాలును.

పితామహుడు శరతల్పమున ఏబదియెనిమిది రాత్రులు గడపెను. ఆయన ప్రాణములు విడిచిన తరువాత, ఉదకదానవేళ, గంగాదేవియే నీటినుండి లేచి వచ్చి కుమారునికై ఏడ్చెనని అనుశాసనపర్వము చెప్పుచున్నది. ఆ కుమారుడు వసువని, శాపము తీఱి స్వస్థానమునకు పోయెనని ఆమెకు తెలియనిదా? అయినను ఏడ్చెను, కృష్ణుడును వ్యాసుడును ఓదార్చిరి. శ్రీరామకృష్ణులు తమ అన్నకుమారుడు అక్షయుడు కన్నుల ఎదుట మరణించినపుడు మొదట ప్రాణము దేహమును విడుచు విధమును సాక్షివలె చూచి నవ్విరట. మఱునాటికి, తడిగుడ్డను పిండినట్లు గుండెను ఎవరో పిండుచున్నట్లు తోచినదని ఆయనయే పిమ్మట చెప్పుకొనెను. తనకే ఇట్లున్నచో సంసారుల గతి ఏమని తలపోసెనట. కొడుకును పోగొట్టుకొనినవారు తనకడకు వచ్చినపుడు ఆయన ఈ సంగతిని దాచక చెప్పెడివాడు. "ఏడవకుము" అనుటకు తొందరపడువారికి ఈ రెండు కథలును తెలిసియుండుట మంచిది.

ఇక మిగిలినది తెల్లవాఱిన పిదప జరుగు తంతు. సంతకములు, చీటీలు, వాహనముకొఱకు నిరీక్షణ. ఆ తొందరలో చనిపోయినవాని వస్తువులు ఒక పాలిథీను సంచిలో కుక్కి ఇంటివారి చేతికి ఇయ్యబడును: కంటద్దములు, కట్టుడు పండ్లు, చొక్కా, జేబులో మడతపెట్టిన బస్సు టికెట్టు, మెడలోని రుద్రాక్ష. చెత్తను పాఱవేయు సంచియు అట్టిదే. ఐర్లండు దేశమున 2007లో ఆరంభమైన ఒక కార్యక్రమము క్రింద ఆసుపత్రులలో ఈ పనికై ప్రత్యేకముగ ఒక చక్కని సంచిని వాడుచున్నారు. దానిని చేతికిచ్చువారు ఎవరి వస్తువులను ఇచ్చుచున్నారో ఎఱిగి, నెమ్మదిగా ఇత్తురు. ఇచ్చటను దీనికి కావలసినది ఒక కొత్త గుడ్డసంచి, ఒక చేతిరుమాలు, పది నిమిషముల తీరిక. కంటద్దములను రుమాలులో చుట్టి, ప్రతి వస్తువును కొడుకునకు చూపి సంచిలో పెట్టి, గేటువఱకు వారితో నడవవచ్చును. ఆ వేళ ఆ ఇల్లాలు తాను పఱచుకొనిన చాపను మడిచి తిరిగి ఇయ్యబోవును. దానిని ఉంచుకొమ్మని చెప్పవచ్చును. లేదా, ప్రక్కమంచముకడ నిన్న రాత్రి వచ్చి ఇంకను నేలమీదనే కూర్చున్నదానికి ఆమె చేతనే ఇప్పింపవచ్చును.